కారణాలు అరువు తెచ్చుకోండి, తీర్పు మీరే చెప్పండి

ప్లేస్టేషన్ 5 మన మార్కెట్‌లోకి వచ్చేనాటికే సోనీ సొంతంగా తీసే పెద్ద గేము ధర ₹4,999కి చేరింది. ఆన్‌లైన్ స్టోర్‌లో కొని ఒకసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేములోనే లోపం ఉంటే తప్ప డబ్బు తిరిగి రాదు. రెండు గంటలు ఆడి చూసి నచ్చకపోతే వెనక్కి ఇచ్చేద్దామంటే కుదరదు. డబ్బు ఒక ఎత్తయితే సమయం ఇంకో ఎత్తు. ఒక పెద్ద గేము పూర్తి చేయడానికి నలభై యాభై గంటలు పడుతుంది. ఉద్యోగం చేసుకునే మనిషికైతే అది రెండు మూడు నెలల ఖాళీ సమయం. ఇంత పెట్టేముందు ఎవరో ఒకరి మాట వినక తప్పదు. ఆ మాట చెప్పేవాడే విమర్శకుడు. ఆయన ఆ గేము మొత్తం ఆడి, రెండు వేల మాటల రివ్యూ రాసి, చివర ఒక అంకె వేస్తాడు. మనలో చాలామంది ఆ రెండు వేల మాటల్నీ వదిలేసి అంకెను మాత్రం పట్టుకుపోతాం. అక్కడే నష్టపోతున్నాం. విమర్శకుడి నుంచి తీసుకోవలసింది ఆయన వేసిన స్కోరు కాదు, ఆ స్కోరు దాకా ఆయన్ని తీసుకెళ్లిన కారణాలు. కారణాలు ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోవచ్చు. తీర్పు మాత్రం మన అవసరం, మన అభిరుచి, మన జేబు చూసుకుని మనమే చెప్పుకోవాలి. ఈ నేర్పు కాలేజీ ఎంచుకునేటప్పుడు, ఉద్యోగం మారేటప్పుడు, సాటి మనిషి పనిని తూచేటప్పుడు కూడా అవసరమే. దాన్ని సాధన చేయడానికి వీడియో గేముల విమర్శ చాలా అనువైన చోటు. ఇక్కడ స్కోరూ కారణమూ అందరికీ కనబడేలా పక్కపక్కనే ఉంటాయి. తీర్పు నిలిచిందో లేదో కూడా కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది.

ఒకే గేము, రెండు తీర్పులు

2019 నవంబరులో ప్లేస్టేషన్ 4 మీద డెత్ స్ట్రాండింగ్ విడుదలైంది. దాన్ని తీసినవాడు జపాన్‌కు చెందిన హిడియో కొజిమా. జపాన్‌లో ఎంతో పేరున్న పత్రిక ఫామిట్సు ఆ గేముకు 40కి 40 ఇచ్చింది. ఆ పత్రికలో నలుగురు రివ్యూయర్లు విడివిడిగా పదేసి మార్కులకు తీర్పు చెబుతారు, ఆ నాలుగూ కలిపితే మొత్తం స్కోరు. అంటే నలుగురికి నలుగురూ పదికి పది వేశారు. అదే గేముకు అమెరికా గేమ్ వెబ్‌సైటు ఐజీఎన్ పదికి ఇచ్చింది 6.8. ఇద్దరిలో ఒకరు పొరబడ్డారని అనుకోవడం తేలిక. కానీ ఆ గేములో చేతులు చేసే పనేమిటో దగ్గరికి వెళ్లి చూడండి. శామ్ అనే పాత్ర వీపు మీద పెట్టెలు ఎత్తుగా పేర్చుకుని, మనుషులు లేని రాళ్ల నేల మీద, వాగులు దాటుతూ, కొండలెక్కుతూ సరుకు చేరవేస్తాడు. బరువు ఒక పక్కకు ఒరిగితే పడిపోకుండా కంట్రోలర్ మీద ఎల్2, ఆర్2 బటన్లు నొక్కి భుజం పట్టీలు బిగించి పట్టుకోవాలి. తొందరపడితే జారిపడతాడు, పెట్టెలు వాగులో కొట్టుకుపోతాయి. ఎక్కువసేపు ఆట ఇదే. నడకనే ఆటగా మార్చిన తీరు ఒకరికి అద్భుతం అనిపిస్తుంది. ఇంకొకరికి అదే నడక విసుగు తెప్పిస్తుంది. కల్పించిన లోకం ఆకట్టుకుందిగానీ ఆడే భాగం దానికి తగ్గట్టు లేదన్నది ఐజీఎన్ రివ్యూ సారాంశం. రెండు తీర్పులకూ ఆధారం ఒకే వాస్తవం: ఈ గేములో నెమ్మదిగా, జాగ్రత్తగా, చాలాసేపు నడవాలి. ఆ ఒక్క వాక్యం చేతికందితే మీకు నప్పుతుందో లేదో మీరే చెప్పగలరు. 40 అనే అంకె గానీ 6.8 గానీ ఆ మాట చెప్పలేవు.

ఇప్పుడు రివ్యూల సగటు తీసే మెటాక్రిటిక్ దగ్గరికి వెళ్తే ఈ గేము పక్కన 82 కనిపిస్తుంది. 82 అంటే బాగుందన్నమాట, కొనొచ్చు అనుకుంటాం. కానీ ఈ గేము విషయంలో చాలామంది మనసులో ఉన్నది 'బాగుంది' అనే మాట కాదు. కొందరికి అది కొన్నేళ్లకొకసారి వచ్చే గేము, కొందరికి భరించలేని గేము. ఎక్కువ మంది అభిప్రాయం రెండు కొసల్లో ఉన్నప్పుడు, మధ్యలో నిలబడ్డ సగటు ఎవరి అనుభవాన్నీ చెప్పదు. అందరూ నిదానంగా 'బాగుంది' అన్న గేముకూ 82 రావచ్చు, జనం రెండుగా చీలిపోయిన గేముకూ 82 రావచ్చు. కొనేవాడికి ఆ రెంటి మధ్య తేడానే ముఖ్యం, సగటులో మొదట మాయమయ్యేది కూడా ఆ తేడానే.

స్కోరు ఎలా పుడుతుంది

విమర్శకుడి పని ఎలా సాగుతుందో తెలిస్తే అంకెను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. మామూలుగా పబ్లిషర్ విడుదలకు కొన్ని రోజులో వారాలో ముందు గేము డౌన్‌లోడ్ చేసుకునే కోడ్ పంపుతాడు. దానితోపాటు ఎంబార్గో ఉంటుంది, అంటే ఫలానా రోజు, ఫలానా గంటకు ముందు రివ్యూ బయటపెట్టకూడదన్న ఒప్పందం. ఎంబార్గో ముగిసే క్షణానికి రివ్యూ సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే జనం వెతికేది అప్పుడే. కాబట్టి మీరు రెండు నెలలు తీరిగ్గా ఆడే గేమును ఆయన వారంలో ముగించాలి. గడువు తరుముతుంటే పక్కదారులు తొక్కే తీరిక ఉండదు. పైగా ఏడాదికి పదుల సంఖ్యలో గేములు ఆడే మనిషికి, మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంటూ, బురుజులు ఎక్కుతూ సాగే ఆట మళ్లీ ఎదురైతే ప్రాణం విసుగెత్తుతుంది. కొత్తదనం కనబడితే పొంగిపోతాడు. ఏడాదికి మూడు గేములు కొనే మీకు ఆ విసుగు ఉండదు, ఆ పొంగూ ఉండకపోవచ్చు. ఆయనకు కోడ్ ఉచితంగా వచ్చింది, మీరు డబ్బు పెట్టి కొంటారు. వీటిలో ఏదీ మోసం కాదు, పని స్వభావమే అంత. కాకపోతే ఆయన స్కోరు ఆయన పరిస్థితిలో పుట్టింది. దాన్ని మీ పరిస్థితికి మార్చుకోవడం మీ పని.

కొలబద్ద సంగతీ చూడాలి. పదికి ఐదు వస్తే అది సగటు గేము అని లెక్క ప్రకారం అనిపిస్తుంది. ఆచరణలో అలా లేదు. ఐజీఎన్ పట్టికలో 7 అంటే బాగుంది, 6 అంటే ఫరవాలేదు, 5 అంటే నాసి. మెటాక్రిటిక్‌లో సినిమాకు 61 వస్తే చాలు, పచ్చరంగు పడుతుంది. గేముకు అదే పచ్చరంగు పడాలంటే 75 రావాలి. ఒకే సంస్థ రెండు కళలకు రెండు గీతలు గీసిందంటే, గేముల స్కోర్లు మొత్తంగా పైకి జరిగి ఉన్నాయని అర్థం. దీనికి అమెరికా బడుల మార్కులూ ఒక కారణమని చెబుతారు. అక్కడ చాలాచోట్ల 60 కంటే తక్కువ వస్తే తప్పినట్టే. మనకు 35 వస్తే గట్టెక్కినట్టు, 60 దాటితే ఫస్టు క్లాసు. మన లెక్కతో వాళ్ల 65ను చదివితే మంచి గేమని పొరబడతాం. ఇంకొందరు అభిమానులు దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో పొరబడతారు. తాము ఎదురుచూసిన గేముకు 7 వస్తే, విమర్శకుడు 'బాగుంది' అన్నా సరే, అవమానం జరిగినట్టు మండిపడతారు. నాలుగు నక్షత్రాలిచ్చిన పత్రిక, పదికి ఎనిమిది ఇచ్చిన పత్రిక, నూటికి మార్కులు వేసే పత్రిక, అన్నిటినీ మెటాక్రిటిక్ నూటికి మార్చి సగటు తీస్తుంది. ఏ పత్రికకు ఎంత బరువు ఇస్తుందో బయటపెట్టదు. 2015లో వచ్చిన ఓపెన్‌క్రిటిక్ అందరినీ సమానంగా చూసి సగటు తీస్తుంది, ఎంత శాతం మంది సిఫారసు చేశారో విడిగా చూపిస్తుంది. ఏ పద్ధతిలోనైనా చివరకు మిగిలేది అంకె, కారణాలు మూల రివ్యూలోనే ఉండిపోతాయి.

కారణాన్ని మరీ కుదించినా ప్రమాదమే. 2014లో నింటెండో 3డీఎస్ మీద వచ్చిన పోకెమాన్ ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ గేములకు ఐజీఎన్ 7.8 ఇచ్చి, లోపాల జాబితాలో 'నీళ్లు మరీ ఎక్కువ' అని రాసింది. ఇంటర్నెట్ లోకమంతా ఏళ్ల తరబడి ఆ మాటను పట్టుకుని నవ్వింది. ఆటలో సంగతి మాత్రం నవ్వుకునేది కాదు. ఆ గేములో సముద్రమార్గాలు చాలా ఎక్కువ. వాటి మీద వెళ్తున్నంతసేపూ ఎదురయ్యేవి చాలావరకు నీటిరకం పోకెమాన్లే. సముద్రం దాటడానికి, మునగడానికి కావలసిన విద్యలు మన పోకెమాన్లకు నేర్పాలి, అవి యుద్ధవిద్యలకు దక్కాల్సిన చోటును ఆక్రమిస్తాయి. ఇది స్పష్టమైన, సరిచూసుకోదగిన కారణం. మూడు మాటలకు కుదించేసరికి అదే హాస్యాస్పదంగా మారింది. స్కోరు అంతకంటే ఇంకా కుదింపు. అది ఎన్ని కారణాలను మింగి కూర్చుందో పైకి తెలియదు.

స్కోరు కింద రాయని షరతులు

ప్రతి తీర్పు వెనుకా కొన్ని షరతులుంటాయి. ఏ యంత్రం మీద, ఏ రోజున, ఏ వెర్షన్ ఆడి చెప్పిన మాట అన్నది తెలియకపోతే నిజమైన తీర్పు కూడా తప్పుదారి పట్టిస్తుంది. 2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 ఇందుకు మరచిపోలేని ఉదాహరణ. విడుదలకు ముందు విమర్శకుల చేతికి వచ్చింది పీసీ వెర్షన్ మాత్రమే. తాము ఆడుతూ రికార్డు చేసిన వీడియోను కూడా తొలి రివ్యూల్లో చూపించనివ్వలేదు, గేము తీసిన కంపెనీ ఇచ్చిన వీడియోనే వాడాలన్నారు. శక్తిమంతమైన పీసీల మీద ఆడినవాళ్లు మెచ్చుకున్నారు, పీసీ వెర్షన్ సగటు 86 దగ్గర నిలిచింది. ఆ మెప్పు చూసి చాలామంది ప్లేస్టేషన్ 4కూ, ఎక్స్‌బాక్స్ వన్‌కూ కొన్నారు. అక్కడ ఆట మాటిమాటికీ ఆగిపోయింది. మనుషుల ముఖాలు మసకబొమ్మల్లా వచ్చి, కాసేపటికి గానీ రూపుదిద్దుకోలేదు. ఉన్నట్టుండి గేము మూతపడి హోమ్ స్క్రీన్ ప్రత్యక్షమయ్యేది. తర్వాత ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కు విడిగా వచ్చిన సగటు 57. విడుదలైన వారానికే సోనీ తన స్టోర్ నుంచి ఆ గేమును తీసేసి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చింది. అది మళ్లీ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లో. విమర్శకులు అబద్ధం చెప్పలేదు. పీసీ మీద ఆడామని చాలామంది రివ్యూలోనే రాశారు. ఆ వాక్యం చదివినవాళ్లు ఆగారు, అంకె మాత్రమే చూసినవాళ్లు నష్టపోయారు.

ఇక రెండో షరతు కాలం. 2016 ఆగస్టులో వచ్చిన నో మ్యాన్స్ స్కై ప్లేస్టేషన్ 4 మీద 71 దగ్గర ఆగింది. కోట్లాది గ్రహాలున్నా వాటి మీద చేయడానికి పనేమీ లేదన్నది ప్రధానమైన ఫిర్యాదు, అప్పటికి అది న్యాయమైనదే. తీసిన హలో గేమ్స్ అనే చిన్న సంస్థ ఏళ్ల తరబడి డబ్బు అడగకుండా అప్‌డేట్లు ఇస్తూ పోయింది. స్థావరాలు కట్టుకోవడం, పదిమందితో కలిసి ఆడటం, ఇలా ఎన్నో చేర్చింది. ఈరోజు ఆడే గేము ఆనాటి గేము కాదు. 71 మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే మెటాక్రిటిక్ ఒక పత్రిక మొదట వేసిన స్కోరునే లెక్కలోకి తీసుకుంటుంది, తర్వాత మార్చినా పట్టించుకోదు. మనుషుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో వచ్చిన మార్కుతో ముప్పయ్యేళ్ల మనిషిని తూచేవాళ్లు ఎంతమంది లేరు? స్కోరుకు తారీఖు ఉంటుంది. ఆ తారీఖు చూడకుండా స్కోరు చదవకూడదు.

మూడో షరతు ఆడే మనిషి. పెద్ద కన్సోల్ గేముల్లో తెలుగు సబ్‌టైటిల్స్ దొరకడం చాలా అరుదు. లండన్‌లోనో శాన్ ఫ్రాన్సిస్కోలోనో కూర్చుని రాసే విమర్శకుడికి ఈ ఇబ్బంది తట్టదు, తట్టాల్సిన అవసరమూ లేదు. సంభాషణల మీదే నడిచే గేముకు ఆయన పది వేయవచ్చు. వరంగల్‌లో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు వేగంగా జారిపోయే ఇంగ్లిష్ వాక్యాలు అందుకోలేకపోతే ఆ పది వాడికి ఎందుకూ పనికిరాదు. తల్లిదండ్రులు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. విమర్శకుడి స్కోరు వయసు సంగతి చెప్పదు. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కు విమర్శకుల సగటు 93. అదే గేము డబ్బా మీద ఐరోపాలో పెద్దవాళ్లకు మాత్రమే అని 18 గుర్తు ఉంటుంది. హింస అంత తీవ్రంగా ఉంటుంది కాబట్టే ఆ గుర్తు. 93 చూసి పుట్టినరోజు కానుకగా పదేళ్ల బిడ్డ చేతిలో పెడితే అది విమర్శకుడి తప్పు కాదు. ఆయన జవాబు చెప్పిన ప్రశ్న వేరు, మీరు అడగాల్సిన ప్రశ్న వేరు.

ఎదురు ప్రశ్నలకు జవాబులు

'వందమంది చెప్పిన సగటు ఒక్కడి మాట కంటే గట్టిది కదా, అన్ని రివ్యూలు చదివే తీరిక ఎవరికుంది?' అని అడగవచ్చు. ఇందులో సగం నిజముంది. పనితనం లోపాలను పట్టడంలో సగటు గట్టిదే. మాటిమాటికీ ఆగిపోయే గేమును, బటన్ నొక్కితే స్పందించని గేమును వందమందిలో ఎక్కువమంది గుర్తిస్తారు. సగటు 50 కంటే కింద ఉంటే చాలావరకు పక్కన పెట్టేయవచ్చు. కాబట్టి జల్లెడ పట్టడానికి సగటును వాడండి. కొనదగ్గవి నాలుగు మిగిలాక వాటిలో మీకేది కావాలన్నది అభిరుచికి సంబంధించిన విషయం, అక్కడ 88కీ 84కీ మధ్య తేడాకు అర్థం లేదు. ఇక తీరిక సంగతి. రెండు రివ్యూలు చదవడానికి అరగంట చాలు. నలభై గంటల ఆటకూ, ఐదువేల రూపాయలకూ ముందు అరగంట ఎక్కువేమీ కాదు.

'విమర్శకులు అమ్ముడుపోతారు, మామూలు జనం వేసే స్కోరే నిజం' అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఒత్తిడి ఉందన్నది వాస్తవమే. 2007లో గేమ్‌స్పాట్ అనే సైటులో జెఫ్ గెర్స్ట్‌మన్ అనే విమర్శకుడు కేన్ అండ్ లించ్ గేముకు 10కి 6 ఇచ్చారు. అప్పుడు ఆ సైటు నిండా అదే గేము ప్రకటనలు ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే ఆయన ఉద్యోగం పోయింది. రివ్యూకూ దానికీ సంబంధం లేదని అప్పట్లో యాజమాన్యం అంది. ప్రకటనలిచ్చే పబ్లిషర్ల ఒత్తిడి తన మీద ఎలా పనిచేసిందో ఆయన 2012లో బహిరంగంగా చెప్పారు. ఇది విమర్శకుల లోకానికి మచ్చే. అయితే ఆ కథలో ఇంకో సగం కూడా ఉంది. సహచరులు కొందరు కొద్ది నెలల్లో ఉద్యోగాలు వదిలి వచ్చేశారు. 2008లో ఆయన జెయింట్ బాంబ్ అనే సైటు పెడితే పాఠకులు వెంట నడిచారు. పేరు పెట్టి, కారణం రాసి తీర్పు చెప్పేవాడికి పోగొట్టుకోవడానికి పరువు ఉంటుంది, ఆ పరువే పాఠకుడికి భరోసా. మరి జనం స్కోరు? ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 పూర్తి చేయడానికి ఇరవై గంటలకు పైగా పడుతుంది. 2020 జూన్‌లో అది విడుదలైన కొద్ది గంటల్లోనే మెటాక్రిటిక్‌లో వేలమంది సున్నాలు గుమ్మరించారు. ఆడకుండానే, ముందే బయటికి పొక్కిన కథ మీద కోపంతో వేసినవే వాటిలో ఎక్కువని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆ మరుసటి నెలలో మెటాక్రిటిక్ కొత్త నియమం పెట్టింది: విడుదలయ్యాక 36 గంటలు గడిస్తే గానీ జనం స్కోరు వేయడానికి వీల్లేదు. విమర్శకుడైనా మామూలు ఆటగాడైనా కారణం చెప్పినవాడి మాట వినాలి, చెప్పనివాడి అంకెను పక్కన పెట్టాలి. నిజాయితీని పరీక్షించే దారి కూడా అదే. అమ్ముడుపోయినవాడు అంకెను తేలిగ్గా పెంచగలడుగానీ, చేతులు చేసే పనిని వర్ణించే పది పేరాలను అబద్ధంతో నింపడం కష్టం.

'అయితే స్కోర్లే ఎత్తేస్తే పోలా?' అన్నది మూడో ప్రశ్న. ఆ ప్రయత్నమూ జరిగింది. బ్రిటన్‌లోని యూరోగేమర్ 2015లో స్కోర్లు మానేసి, సిఫారసు మాటలు మాత్రమే వాడింది. 2023లో ఐదు నక్షత్రాల పద్ధతికి వచ్చేసింది. స్కోరుకూ ఒక ధర్మం ఉంది. అది విమర్శకుడిని తప్పించుకోనివ్వదు. అటూ ఇటూ కాకుండా రాసి తప్పుకోవాలనుకునేవాడిని 'చివరికి ఏమంటావ్?' అని నిలదీస్తుంది. మంచి విమర్శకుడు ముందు కారణాలు రాసి, వాటికి తగిన స్కోరు ఏదో తర్వాత తేల్చుకుంటాడు. మాటలకూ అంకెకూ పొత్తు కుదరకపోతే సంపాదకుడు అడుగుతాడు, రెంటిలో ఒకటి మార్చాల్సి వస్తుంది. అంటే స్కోరు తీర్పు చెప్పేవాడికి క్రమశిక్షణ. తీర్పు వినేవాడికి అది ఆరంభం మాత్రమే.

మీరు స్కోరు వేసే చోట

మనం తీర్పులు వింటూనే ఉండిపోము, చెబుతాం కూడా. బడిలో, ఆఫీసులో, ఇంట్లో ఎవరికో ఒకరికి మార్కులు వేస్తూనే ఉంటాం. అప్పుడు ఆ అంకె ఎంత దూరం పోతుందో తెలిసి ఉండాలి. 2010లో వచ్చిన ఫాలౌట్: న్యూ వేగస్‌ను ఆబ్సిడియన్ అనే సంస్థ బెథెస్డా అనే పబ్లిషర్ కోసం తీసింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామన్నది ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదని ఆ గేము రూపకర్తల్లో ఒకరైన క్రిస్ ఆవెలోన్ 2012లో చెప్పారు. ఆ స్కోర్లు వేసిన విమర్శకులు ఎవరి జీతాన్నీ నిర్ణయించడానికి కూర్చోలేదు. ఈ గేము కొనవచ్చా అన్న పాఠకుడి ప్రశ్నకు జవాబు చెప్పారు. ఆ జవాబునే ఇంకొకరు తీసుకెళ్లి జీతాలు కొలిచే పనికి వాడారు. ఒక ప్రశ్నకు పుట్టిన అంకెను వేరే ప్రశ్నకు వాడితే అన్యాయం జరుగుతుంది. మీ కింద పనిచేసేవారికి ఏడాది చివర రేటింగ్ ఇచ్చేటప్పుడు, పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. అంకె పక్కన రెండు వాక్యాల కారణం రాయండి, ఏ పరిస్థితిలో ఆ అంకె వచ్చిందో రాయండి. ఆ మనిషి బాగుపడటానికి దారి ఆ రెండు వాక్యాల్లో దొరుకుతుంది.

ఆచరణ

తర్వాత కొనబోయే గేముతోనే ఈ సాధన మొదలుపెట్టండి. రివ్యూ తెరిచేముందు మీ ప్రశ్నను ఒక వాక్యంలో కాగితం మీద రాసుకోండి. 'రాత్రి అరగంట చొప్పున ఆడటానికి వీలుంటుందా?', 'తమ్ముడితో కలిసి ఒకే టీవీ మీద ఆడవచ్చా?', 'మా దగ్గరున్న పాత కన్సోల్ మీద సరిగ్గా నడుస్తుందా?' లాంటి మామూలు ప్రశ్న చాలు. తర్వాత బాగా ఎక్కువ స్కోరు ఇచ్చిన రివ్యూ ఒకటి, బాగా తక్కువ ఇచ్చినది ఒకటి తీసుకుని, అంకెను పట్టించుకోకుండా చదవండి. ఒక్కో వాక్యం చదువుతూ అది ఏ రకానిదో విడదీయండి. 'రెండుసార్లు ఆగిపోయింది' అన్నది వాస్తవం. 'నడక విసుగు పుట్టించింది' అన్నది అభిరుచి. 'ప్లేస్టేషన్ 5 మీద ఆడాం' అన్నది షరతు. వాస్తవాలను నమ్మండి, షరతులను మీ పరిస్థితితో పోల్చి చూడండి, అభిరుచిని మాత్రం తిరగేసి చూడండి. ఆయనకు విసుగు తెప్పించిన పనే మీకు ఇష్టమైనది కావచ్చు. ఆ తర్వాత మీ దగ్గరున్న కన్సోల్ మీదే ఎవరైనా కోతలు లేకుండా ఆడిన వీడియో ఇరవై నిమిషాలు చూడండి. అలా కొన్నాళ్లు చదివితే ఒకరిద్దరు విమర్శకుల అభిరుచి మీకు పట్టుబడుతుంది. వాళ్లతో ఏకీభవించాల్సిన పనిలేదు. ఎప్పుడూ ఒకే కారణంతో మీతో విభేదించే విమర్శకుడు కూడా మంచి మార్గదర్శే, ఎందుకంటే ఆయన 'మరీ నెమ్మది' అన్న గేము మీకు నచ్చుతుందని మీరే ముందుగా చెప్పగలుగుతారు.

గేము పూర్తయ్యాక మీరే ఒక పేజీ రివ్యూ రాయండి. చేతులు ఏం చేశాయో, ఎక్కడ ఆనందం కలిగిందో, ఎక్కడ సమయం వృథా అయిందో ముందు రాయండి. స్కోరు ఆఖర్న వేయండి. కొనేముందు రాసుకున్న ప్రశ్నను పక్కన పెట్టుకుని, మీ అంచనా ఎక్కడ నిజమైందో, ఎక్కడ తప్పిందో సరిచూడండి. ఇంత చేసినా కొన్నిసార్లు తీర్పు తప్పుతుంది, నచ్చని గేము ఇంటికి వస్తుంది. అయితే కారణాల మీద నిలబడి నిర్ణయం తీసుకున్నవాడికి ఏ కారణం దగ్గర పొరబడ్డాడో కనిపిస్తుంది, తర్వాతిసారి దాన్ని సరిదిద్దుకుంటాడు. అంకెను నమ్మి పొరబడినవాడికి సరిదిద్దుకోవడానికి ఏమీ దొరకదు. ఇంకో అంకె కోసం వెతుక్కోవడమే అతనికి మిగిలిన పని. తీర్పు చెప్పే శక్తి ఇలా ఒక్కో పొరపాటునూ దిద్దుకుంటూ పెంచుకునేది. ఆ పని మీ బదులు ఇంకెవరూ చేసిపెట్టలేరు.